రాయగడ–జయపురం ప్రాంతంలో స్పేర్ పార్ట్స్ షాపులను, మెకానిక్ షెడ్లను కలిపి పెట్టుబడి పెట్టడం ఎలా

దక్షిణ ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కోరాపుట్, జయపురం, బరంపురం పట్టణాల్లో కారు విడిభాగాల షాపులూ మరమ్మతు షెడ్లూ చాలావరకు ఒక్కొక్క కుటుంబం చేతిలో ఉన్నాయి. వాటిని పెట్టిన తరానికి వయసు మీదపడింది. పిల్లల్లో చాలామంది చదువుకుని హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లిపోయారు. ఒకే వీధిలో ఉన్న షాపులు కూడా విశాఖపట్నం నుంచో, రాయ్‌పూర్ నుంచో, కటక్ నుంచో ఎవరికి వారే చిన్న చిన్న ఆర్డర్లతో సరుకు తెప్పించుకుంటున్నాయి. ఇలాంటి నాలుగైదు వ్యాపారాలను ఒక సంస్థగా కలపాలని, సొంత పొదుపునూ దగ్గరి బంధువుల డబ్బునూ కలిపి పెట్టుబడి పెట్టాలని ఆలోచిస్తున్న తెలుగువారి కోసం ఈ మార్గదర్శిని రాస్తున్నాను. దీనిలో మీరు కొంటున్నది ప్రధానంగా మెకానిక్ మీద ఊరివాళ్లకున్న నమ్మకాన్ని. రేకుల షెడ్డూ అరల్లోని సరుకూ దాని తరువాతే వస్తాయి. ఈ సంగతి దృష్టిలో పెట్టుకుంటే ఏ పని ముందు, ఏ పని వెనుక అన్నది స్పష్టమవుతుంది.

ముందు ఒక్క పరిధిని ఎంచుకోండి

ఒక వ్యాను ఉదయం బయలుదేరి అన్ని షాపులకూ సరుకు అందించి సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దూరాన్నే మీ పరిధిగా పెట్టుకోండి. కోరాపుట్, జయపురం, సునాబెడ, దామంజోడి పట్టణాలు ఇలాంటి ఒక పరిధి అవుతాయి. రాయగడ, గుణుపురం కలిపి ఇంకొకటి అవుతుంది. బరంపురాన్ని మాత్రం విడిగా చూడాలి. అది 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న పెద్ద బజారు కాబట్టి పోటీ ఎక్కువ, కంపెనీ సర్వీస్ సెంటర్లూ ఎక్కువ. మొదటిసారి ఈ పని చేసేవారికి కొండ ప్రాంతపు పరిధే మేలని నా అభిప్రాయం. సాలూరు నుంచి కోరాపుట్ వెళ్లే 26వ నంబరు రహదారి ఘాట్‌లో తిరిగే బండ్లకు క్లచ్ ప్లేట్లు, బ్రేక్ ప్యాడ్లు, సస్పెన్షన్ బుష్‌లు, బాల్ జాయింట్లు మైదానంలోకన్నా త్వరగా అరుగుతాయి. దామంజోడిలో నాల్కో అల్యూమినా కర్మాగారం, సునాబెడలో హెచ్‌ఏఎల్ విమాన ఇంజిన్ల విభాగం, రాయగడ దగ్గర జేకే పేపర్ మిల్లు ఉన్నందువల్ల కాంట్రాక్టర్ల కింద అద్దెకు తిరిగే బొలెరోలు, పికప్‌లు ఏడాది పొడవునా మరమ్మతుకు వస్తూనే ఉంటాయి.

పరిధి తేలాక బండ్ల లెక్క తీయండి. కేంద్ర ప్రభుత్వపు వాహన్ డ్యాష్‌బోర్డులో రవాణా కార్యాలయాల వారీగా రిజిస్ట్రేషన్ల వివరాలు ఎవరైనా చూడవచ్చు. రిజిస్ట్రేషన్ కోడ్ కోరాపుట్‌కు ఓడీ 10, రాయగడకు ఓడీ 18, గజపతికి ఓడీ 20, గంజాంకు ఓడీ 07. మీరు ముఖ్యంగా చూడవలసింది నాలుగేళ్ల నుంచి పన్నెండేళ్ల కిందటి వరకు రిజిస్టరైన బండ్లను. చాలా కార్లకు కంపెనీ వారంటీ 3 ఏళ్ల చుట్టూ ఉంటుంది కాబట్టి, అది ముగిశాకే యజమాని బయటి షెడ్డు వైపు చూస్తాడు. సరిహద్దు ప్రాంతం కాబట్టి ఆంధ్ర నంబరు ప్లేటుతో ఇక్కడే తిరిగే బండ్లు ఆ లెక్కలో కనిపించవు. వాటి కోసం రెండు వారాలపాటు ఒక మనిషిని పెట్టి పెట్రోలు బంకుల దగ్గర లెక్కించడం ఉత్తమం.

షాపులు కొనడానికి ముందే సరుకు కలిపి కొనండి

చాలామంది డబ్బు చేతికి రాగానే షాపు కొనేస్తారు. మీరు అలా చేయవద్దు. ముందు ఒక చిన్న గోదాము అద్దెకు తీసుకుని, నాలుగైదు షాపులకు ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీలు సరఫరా చేసే టోకు వ్యాపారిగా ఆరు నెలలు నడవండి. ఏ షాపు ఏ సరుకు ఎంత అమ్ముతుందో, ఎవరు చెప్పిన రోజుకు డబ్బు కడతారో, ఎవరు వాయిదాలు వేస్తారో, ఏ ఆడిటరూ చూపించలేనంత స్పష్టంగా మీ సొంత ఖాతా పుస్తకమే మీకు చూపిస్తుంది.

ఈ ఆరు నెలల్లో కలిపి కొనడం వల్ల మిగిలేది ఎంతో మీకే తెలుస్తుంది. అది ఊహించినంత ఉండదు. ఉదాహరణకు అయిదు షాపులు నెలకు ఒక్కొక్కటి 5 లక్షల సరుకు కొంటున్నాయనుకోండి. మొత్తం 25 లక్షలు ఒకే చేతితో నేరుగా డిస్ట్రిబ్యూటర్ దగ్గర కొంటే 4 శాతం తగ్గిందనుకుందాం. అంటే నెలకు లక్ష మిగులు. గోదాము అద్దె 15 వేలు, ఇద్దరు మనుషులకు 30 వేలు, వ్యానుకూ డ్రైవరుకూ 35 వేలు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు 5 వేలు పోతే చివరికి నిలిచేది 15 వేలు. కేవలం డిస్కౌంటు చూసి ఈ పనిలో దిగినవారు నిలబడలేకపోవడానికి కారణం ఇదే.

అసలు లాభం మరో రెండు చోట్ల ఉంది. ఒకటి, ఒకే భాగాన్ని అయిదు షాపులూ వేర్వేరుగా నిల్వ పెట్టుకోనక్కరలేదు. అయిదింటిలో కలిపి 110 లక్షల సరుకు ఉన్నచోట 80 లక్షలతో పని జరిగితే, 30 లక్షల పెట్టుబడి చేతికి వస్తుంది. 12 శాతం వడ్డీ లెక్కన అది ఏడాదికి 3 లక్షల 60 వేలు. రెండోది ఇంకా పెద్దది. ఒక్క వాటర్ పంపు విశాఖపట్నం నుంచి రావడానికి రెండు రోజులు పడితే, ఆ రెండు రోజులూ బండి షెడ్డులో చోటు ఆక్రమించుకుని ఉంటుంది, మెకానిక్ చేయి ఖాళీగా ఉంటుంది, అద్దె బండి యజమానికి సంపాదన పోతుంది. అదే భాగం మధ్యాహ్నంలోగా అందే ఏర్పాటు ఉంటే, ఉన్న షెడ్డులోనే, ఉన్న మనుషులతోనే ఎక్కువ బండ్లు బయటికి వెళ్తాయి. కాబట్టి గోదాములో ఏముంచాలో నిర్ణయించేటప్పుడు ఏ భాగం లేకపోతే బండి కదలదో ఆ జాబితాను మెకానిక్‌లనే అడిగి తయారు చేయండి.

లెక్కలు చదవడం

షాపు కొనే మాట వచ్చినప్పుడు యజమాని చెప్పే లాభాన్ని అలాగే తీసుకోకండి. ఆయన అబద్ధం చెబుతున్నాడని కాదు. కుటుంబ వ్యాపారంలో ఇంటి మనుషుల జీతం, సొంత గది అద్దె ఖర్చులో రాయరు. ఒక షాపు యజమాని ఏడాదికి 9 లక్షలు మిగులుతోందని, 40 లక్షలు ఇస్తే షాపు అప్పగిస్తానని అన్నారనుకుందాం. ఆయనా కుమారుడూ ఉదయం నుంచి రాత్రి దాకా కౌంటర్లో ఉంటారు. వారి చోట ఇద్దరిని నెలకు 20 వేల చొప్పున పెట్టుకుంటే 4 లక్షల 80 వేలు. గదికి నెలకు 10 వేల అద్దె కడితే లక్షా 20 వేలు. మిగిలే నిజమైన లాభం 3 లక్షలే.

తరువాత సరుకు. పుస్తకంలో 22 లక్షలు ఉందంటే ప్రతి అరా దించి లెక్కపెట్టండి. ఏడాదిగా కదలని సరుకు 6 లక్షలు తేలితే, దానికి లక్ష మించి కట్టకండి. ఆగిపోయిన మోడళ్ల హెడ్‌లైట్లు, మెరుపు పోయిన బంపర్లు, గడువు దాటిన బ్రేక్ ఫ్లూయిడ్ దీనిలోకే వస్తాయి. మంచి సరుకు 16 లక్షలు, ఈ లక్షతో 17 లక్షలు. సరుకు విలువలో జీఎస్టీని కలపకండి. రెగ్యులర్ పద్ధతిలో నమోదైన షాపు ఆ పన్నుకు క్రెడిట్ తీసుకునే ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాలన్నింటి మీద పన్ను 18 శాతానికి వచ్చింది. అంతకుముందు చాలావాటి మీద 28 శాతం ఉండేది. కాంపోజిషన్ పద్ధతిలో (అమ్మకాల మీద స్వల్ప పన్ను కట్టి, క్రెడిట్ తీసుకోని పద్ధతిలో) ఉన్న షాపు పాత పన్నుతో కొన్న సరుకును పాత ధరకే అప్పగించాలని చూస్తే ఒప్పుకోకండి.

ఇప్పుడు ధర. 17 లక్షలను వేరేచోట పెట్టినా 12 శాతం చొప్పున సుమారు 2 లక్షలు వస్తుంది. నిజమైన లాభం 3 లక్షల్లోంచి దాన్ని తీసేస్తే షాపు పేరు వల్ల అదనంగా వచ్చేది దాదాపు లక్ష. దానికి మూడేళ్లు లెక్కగట్టి గుడ్‌విల్ 3 లక్షలు ఇవ్వవచ్చు. మొత్తం 20 లక్షలు. యజమాని అడిగిన దానిలో ఇది సగం. బేరం అటూ ఇటూ జరుగుతుంది, కానీ లెక్క ఎలా వచ్చిందో ఆయన ముందు కాగితం మీద రాసి చూపించండి. దాచిపెట్టి బేరమాడితే ఊళ్లో తరువాత ఎవరూ మీకు అమ్మరు.

అరువు ఖాతాను మాత్రం కొనవద్దు. పాత బాకీలు వసూలైనప్పుడు అమ్మినవారికే చేరేలా, వసూలులో మీరు సహకరించేలా ఒప్పందం రాసుకోండి. ఆ బాకీలు ఎవరి మీద ఉన్నాయో మాత్రం తప్పక చూడండి. బాకీల్లో ఎక్కువ భాగం ఒకే కాంట్రాక్టరు మీద ఉంటే ఆ షాపు బతుకంతా ఆయన చేతిలో ఉన్నట్టే.

అమ్మకాల లెక్కను మూడు వైపుల నుంచి సరిపోల్చాలి. జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు–యూపీఐ జమలు, సరఫరాదారుల దగ్గరి ఖాతా కాపీలు మూడూ ఒకే కథ చెప్పాలి. పెద్ద పెట్టుబడిదారులు నిధులిచ్చిన గోమెకానిక్ అనే కార్ల మరమ్మతు సంస్థలో లెక్కలు తప్పుగా చూపించామని 2023 జనవరిలో దాని వ్యవస్థాపకులే బహిరంగంగా ఒప్పుకున్నారు. అంత తనిఖీ ఉన్నచోటే అలా జరిగినప్పుడు, చేతిరాత పుస్తకాలు చూసి కొనే మనం మరింత జాగ్రత్తగా ఉండాలి.

నేల ఎవరిది

ఇక్కడ చాలాసేపు ఆగండి. రాయగడ, కోరాపుట్, నబరంగ్‌పూర్, మల్కన్‌గిరి జిల్లాలు పూర్తిగా రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింది ప్రాంతాలు. గజపతి జిల్లాలో ఆర్.ఉదయగిరి, గుమ్మ వంటి ప్రాంతాలు కూడా ఆ కోవలోనివే. ఆంధ్రలో 1/70 చట్టం అనగానే మనకు అర్థమయ్యే విషయమే ఒడిశాలో 1956 నాటి 2వ నంబరు రెగ్యులేషన్‌గా ఉంది. 2002లో దాన్ని మరింత కట్టుదిట్టం చేశారు. గిరిజనుల భూమి గిరిజనేతరులకు అమ్మకం ద్వారా గానీ, లీజు ద్వారా గానీ, తాకట్టు ద్వారా గానీ బదిలీ కావడాన్ని అది అడ్డుకుంటుంది. ఇరవై ఏళ్లుగా షెడ్డు నడుస్తోంది, కరెంటు బిల్లు కడుతున్నారు, మున్సిపాలిటీ లైసెన్సు ఉంది అన్నవేవీ భూమి మీద హక్కుకు రుజువులు కావు.

ఒడిశా ప్రభుత్వ భూ రికార్డుల భూలేఖ్ వెబ్‌సైటులో ఖాతా నంబరుతో పట్టా తీసి, దానిలో రైతు పేరు, కులం, భూమి తరగతి చూడండి. ఇంటి స్థలాన్ని ఒడియాలో ఘరబారి అంటారు. సాగు భూమిగా ఉన్న చోట షెడ్డు ఉంటే ఒడిశా భూ సంస్కరణల చట్టం కింద మార్పిడి జరిగిందో లేదో అడగండి. పర్లాకిమిడి, జయపురం ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. తాతల నాటి తెలుగు కాగితాలు చూపించి హక్కు ఉందని నమ్మకంగా చెప్పేవారు ఎదురైతే వారి నమ్మకాన్ని గౌరవించండి, కానీ ఇప్పటి ఒడియా పట్టాతో సరిపోలితేనే ముందుకు వెళ్లండి. ఒడియా చదవగల స్థానిక న్యాయవాదిని మీరే పెట్టుకోండి. అమ్మేవారి న్యాయవాది మాట మీద నడవకూడదు. నేల విషయంలో ఏ కొంచెం అనుమానం ఉన్నా సరుకునూ పేరునూ మాత్రమే కొని, వ్యాపారాన్ని స్పష్టమైన హక్కున్న అద్దె స్థలానికి మార్చండి. బినామీ పేరుతో పని జరిపిద్దామని ఎవరైనా అంటే అక్కడితో ఆపేయండి. ఆ భూమి గిరిజన కుటుంబానికి చెందవలసినది, చట్టం అడ్డుపడకపోయినా దాని మీద మన లాభం కట్టుకోవడం సరికాదు.

సంస్థ రూపం, పన్నులు, డబ్బు సేకరణ

నలుగురైదుగురు పెట్టుబడిదారులైతే ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) చాలు. బ్యాంకు రుణం, తరువాత కొత్త వాటాదారులు అవసరమనుకుంటే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ మేలు. ఊళ్లో తెలిసినవారందరి దగ్గరా నెలకింత వడ్డీ ఇస్తామని డబ్బు పోగుచేయకండి. 2019 నాటి అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం కింద అది నేరం కావచ్చు. చిట్‌ఫండ్ కుంభకోణాలు చూసిన ఒడిశాలో అధికారులు ఈ విషయంలో ఉదాసీనంగా ఉండరు. బంధువుల డబ్బును వాటాగానే తీసుకోండి, నష్టం కూడా వాటాదే అని ముందే చెప్పండి.

జీఎస్టీ నమోదు రాష్ట్రానికొకటి. ఆంధ్రలోని ఇచ్ఛాపురంలోనో సాలూరులోనో గోదాము పెట్టి ఒడిశా షాపులకు పంపితే ప్రతి సరఫరా అంతర్రాష్ట్ర సరఫరా అవుతుంది, 50 వేలు దాటిన ప్రతి లోడుకూ ఈ-వే బిల్లు కావాలి. గోదాము కూడా ఒడిశాలోనే ఉంటే రెండో నమోదూ అంతర్రాష్ట్ర సరఫరా తలనొప్పీ తప్పుతాయి. వ్యాపారాన్ని నడుస్తున్నది నడుస్తున్నట్టుగా మొత్తంగా బదిలీ చేసుకుంటే ఆ బదిలీ మీద జీఎస్టీ పడదు. వాడుకోని క్రెడిట్‌ను ఐటీసీ-02 ఫారం ద్వారా మార్చుకోవచ్చు. అయితే సీజీఎస్టీ చట్టం 85వ సెక్షన్ ప్రకారం బదిలీ నాటికి ఉన్న పన్ను బకాయికి అమ్మినవారితోపాటు కొన్నవారూ బాధ్యులు. అందుకే చెల్లింపులో కొంత భాగాన్ని ఏడాదిపాటు మీ దగ్గరే నిలిపి ఉంచే షరతు తప్పనిసరి.

ఇంకొక ఖర్చు చాలామంది మరిచిపోతారు. ఆరేసి మంది పనిచేసే అయిదు షెడ్లు విడివిడిగా ఉన్నంతకాలం వాటికి భవిష్యనిధి (పీఎఫ్) నిబంధన వర్తించదు. ఒకే సంస్థ కిందికి వచ్చాక 30 మంది అవుతారు. 20 మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే పీఎఫ్, 10 మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఈఎస్‌ఐ కట్టాలి. సంస్థ వాటాగా పీఎఫ్‌కు 12 శాతం, ఈఎస్‌ఐకి 3.25 శాతం ధర కట్టేనాటికే లెక్కలో చేర్చండి. దీన్ని భారంగా చూడవద్దని నా విన్నపం. మెకానిక్ మీ దగ్గరే ఉండిపోవడానికి ఊళ్లో ఇంకెవరూ ఇవ్వని కారణం ఇదే కావచ్చు.

మెకానిక్‌ను నిలుపుకోవడం

గుడ్‌విల్ కొన్నప్పుడు, అమ్మినవారు అదే ఊళ్లో అదే వ్యాపారం మళ్లీ పెట్టకూడదని సహేతుకమైన షరతు రాసుకోవచ్చు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ దానికి మినహాయింపు ఇస్తుంది. జీతానికి పనిచేసే మెకానిక్‌కు ఆ షరతు చెల్లదు. ఆయన రేపు మానేసి ఎదురు వీధిలో షెడ్డు వేసుకుంటే బండ్లు ఆయన వెంటే వెళ్తాయి. కాగితంతో ఆపలేని మనిషిని గౌరవంతో, ఆదాయంతో ఆపాలి.

దీనికి ఒక పద్ధతి ఉంది. హెడ్ మెకానిక్‌కు ఆ షెడ్డు లాభంలో 10 నుంచి 15 శాతం వాటా ఇవ్వండి, మూడేళ్లు ఉంటే అది సంస్థలో వాటాగా మారేలా రాసుకోండి. షెడ్డు యజమానే మెకానిక్ అయితే కొనుగోలు ధరలో సగం వెంటనే, మిగతా సగం రెండేళ్లలో అమ్మకాలు నిలబడిన మేరకు ఇవ్వండి. బోర్డు మీద ఆయన పేరును రెండేళ్లు అలాగే ఉంచండి. కొత్త సంస్థ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంటే చాలు.

విడిభాగాల షాపులు మెకానిక్‌లకు ఇచ్చే కమీషన్ ఈ వృత్తిలో అందరికీ తెలిసిందే. షాపూ షెడ్డూ మీవే అయ్యాక దాన్ని ఒక్కరోజులో ఎత్తేస్తే మెకానిక్ ఆదాయం తగ్గుతుంది, ఆయన బయటి షాపుకు మనిషిని పంపుతాడు. ముందు ఆ మొత్తాన్ని నెల జీతంలో కలిపి, ఆ తరువాతే కమీషన్ ఆపండి. మీవి కాని షెడ్ల మెకానిక్‌లకు మాత్రం బజారు పద్ధతిలోనే నడవండి. ఎందుకంటే వారు మీ పోటీదారులే కాక మీ షాపుకు ఖాతాదారులు కూడా.

మొదటి ఏడాది పనులు

ప్రతి వస్తువుకూ కంపెనీ పార్ట్ నంబరుతో ఒకే జాబితా తయారు చేయించండి. ఇదొక్కటే ఆరు నెలల పని. నకిలీ సరుకును మొదటి రోజే ఏరి పారేయండి. నకిలీ బ్రేక్ ప్యాడ్ ఘాట్ రోడ్డులో ప్రాణం తీస్తుంది. ట్రేడ్ మార్కుల చట్టం కింద దాన్ని తయారు చేసినవాడితోపాటు అమ్మినవాడూ నేరస్థుడే. బిల్లు మీద అది కంపెనీ సరుకా, వేరే బ్రాండు సరుకా అన్నది స్పష్టంగా రాయడం అలవాటు చేయండి.

2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మిన బీఎస్-6 బండ్లకు, బండి కంప్యూటరుకు తగిలించి లోపం చదివే స్కానర్ లేకుండా చాలా రోగాలు తెలియవు. ప్రతి షెడ్డుకూ ఖరీదైనది కొనకుండా, ఒక మంచి స్కానరూ, శిక్షణ పొందిన ఒక మనిషీ పరిధి మొత్తం తిరిగేలా చూడండి. విడిభాగాలనూ పరికరాలనూ బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నాయంటూ భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు జరిమానా విధించింది. ఆ తీర్పు మీద అప్పీళ్లు నడిచాయి. అయినా కంపెనీ డీలరును భాగం అడిగేటప్పుడు మీరు యాచించడం లేదని దాని వల్ల గుర్తుంటుంది.

వాడిన ఇంజిన్ ఆయిల్‌ను అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇచ్చి రసీదు దాచండి. పాత బ్యాటరీలకూ అదే పద్ధతి.

కర్మాగారాల కాంట్రాక్టర్ల బండ్ల పని నమ్మకంగా వస్తుంది కానీ డబ్బు ఆలస్యంగా వస్తుంది. ఇలాంటి అరువు నెల అమ్మకంలో మూడో వంతు దాటకుండా చూడండి. చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం నమోదు చేయించుకోండి, బ్యాంకులో వర్కింగ్ క్యాపిటల్ అడిగేటప్పుడు అది పనికొస్తుంది.

రెండో షాపును మొదటి షాపు మీ చేతిలోకి వచ్చిన ఏడాది తరువాతే కొనండి. ఈలోగా మూడు విషయాలను నెలనెలా ఒక కాగితం మీద రాసుకుంటూ ఉండండి: భాగం లేక ఆగిపోయిన బండ్లు ఎన్ని, తొంభై రోజులు దాటిన బాకీ ఎంత, మానేసిన మెకానిక్‌లు ఎందరు. మొదటి రెండూ తగ్గుతూ, మూడోది సున్నా దగ్గర నిలిస్తే రెండో బేరానికి కూర్చోండి. మెకానిక్‌లు వెళ్లిపోతూ ఉంటే మాత్రం, అమ్మకాలు ఎంత బాగా కనిపిస్తున్నా, కొత్త షాపుకు అడ్వాన్స్ ఇవ్వకుండా ముందు షెడ్డుకు వెళ్లి వారితో మాట్లాడండి.